ఆకు చుట్టేలోపు మనిషి

పద్దెనిమిదేళ్ళు నిండకముందే మా ఊళ్ళో చచ్చిపోయినవాళ్ళ బొమ్మలన్నీ నేనే వేశాను. ఎవరింట్లో ఎవరు పోయినా ఓటరు కార్డు పట్టుకుని మా ఇంటికొచ్చేవాళ్ళు. హిందువులైతే పెద్దకర్మకి, మా క్రైస్తవులైతే జ్ఞాపకార్థ కూడికకి బొమ్మ సిద్ధం కావాలి. ఓటరు కార్డులో ఎట్లాగూ అందరూ చచ్చినట్టే ఉంటారు కాబట్టి నా పని సులువయ్యేది. ఆ చిన్న ఫోటో మీద సన్నగా గళ్ళు గీసి, డ్రాయింగు షీటు మీద పెద్ద గళ్ళు గీసి, ఈ గడిలో ఎంత ముక్కుంటే ఆ గడిలో అంత ముక్కు దింపేదాన్ని. ఆ మనిషి ఎట్లా నవ్వేదో, ఎట్లా నడిచేదో నాకనవసరం. గడి నిండితే చాలు. చూసినవాళ్ళు "అచ్చు గుద్దినట్టుందే!" అని ముక్కున వేలేసుకునేవాళ్ళు. గుద్దింది అచ్చేగా మరి, ఇంకెలా ఉంటుంది!

ఇదంతా ఫ్లెక్సీలు ఇంకా రోడ్లెక్కని రోజుల సంగతి. మాది చిలకలూరిపేట దాటి లోపలికి పోతే వచ్చే మిరప ఊరు. నాన్న చర్చిలో గంట కొడతాడు, తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి. అమ్మ మిరపకోతల ముఠాలో కూలికి వెళ్ళేది. ఇంటర్ ఫిజిక్సు నన్ను తన్ని తరిమేశాక డ్రాయింగు లోయరూ హయ్యరూ పరీక్షలు రాసి పాసయ్యాను. నాకొచ్చిన ప్రశ్నల్లో పూలకుండీలూ, తీగలూ, బల్ల మీద చెంబులూ ఉన్నాయి గానీ మనుషుల్లేరు. దేవుడి దయ.

పట్నంలో ఓ హాస్టలు బడి ఉంది. అందులో డ్రాయింగు టీచరు దిగిపోతోందని తెలిసి, నాన్న పండుమిరపకాయల పచ్చడి జాడీ పట్టుకుని ఆ బడి కరస్పాండెంటు గారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన జాడీ లోపలికి పంపించి, తాపీగా చెప్పాడట: "వచ్చు అంటే సరిపోదయ్యా, పనితనం చూడాలి. మీ ఊరి చర్చిలో కోత పండగకి నేనే వస్తున్నాగా. చర్చి పక్క హాల్లో పొడుగు గోడ ఖాళీగా ఉంది. దాని మీద కోతల బొమ్మ వెయ్యమను. కొండలూ సూర్యుడూ కొబ్బరిచెట్లూ వద్దు. మనుషులుండాలి, పని చేస్తున్న మనుషులు. బాగుంటే జూన్‌లో చేర్చుకుందాం."

బాగుండకపోతే ఏమవుతుందో నాన్న ముందే తేల్చేశాడు. వేటపాలెంలో మా మేనత్త పనిచేసే జీడిపప్పు కార్ఖానాలో తూకం రాసే ఉద్యోగం నాకోసం నోరు తెరుచుకుని ఉంది. గుండొక పక్క, బద్దొక పక్క, ముక్కొక పక్క. పెళ్ళయ్యేదాకా జీడిపప్పుని వేరు చేయించుకుంటూ కూర్చోవాలి. నాకు జీడిపప్పు పాయసంలో తప్ప ఇంకెక్కడా చూడబుద్ధి కాదు.

అయినా మొదట్లో నేను ధీమాగానే ఉన్నాను. గోడంటే ఏముంది, పెద్ద షీటు. ఫోటో దొరికితే గళ్ళు గీసి దింపేయడమే. తీరా వెతికితే, పని చేస్తున్న మనుషుల ఫోటో ఒక్కటంటే ఒక్కటి లేదు! ఉన్న ఫోటోలన్నిట్లో అందరూ పని మానేసి, చేతులు తొడలకి అతికించుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డవాళ్ళే. పోయి నాన్నకి చెప్పాను.

నాన్న మళ్ళీ బయల్దేరాడు. ఈసారి జాడీ గుంటూరులో ఓ రిటైరైన డ్రాయింగు మాస్టారికి ముట్టింది. శనివారం శనివారం బస్సెక్కి ఆయన డాబా మీదికి పోయి నేర్చుకోవాలని ఒప్పందం. మొదటిరోజు నేను నా దగ్గరున్న వాటిలో గొప్ప బొమ్మ తీసుకెళ్ళి ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు పైకెత్తి చూశారు.

"ఎవరమ్మా ఈయన?"

"మా ఊరి పెద్దమనిషండి. పోయారు."

"పోయాడని తెలుస్తూనే ఉంది. బతికుండగా ఎట్లా నడిచేవాడు?"

"తెలీదండి."

"కోపమొస్తే ఎటు తిరిగి నిలబడేవాడు?"

"తెలీదండి."

"వాలకం తెలీకుండా మనిషినెట్లా గీశావమ్మా?"

వాలకం! ఆ మాట మా ఇంట్లో తిట్టు. "దీని వాలకం చూడు", "నీ వాలకం చూస్తే పరీక్ష పాసయ్యేట్టు లేవు" అని నన్ను దులిపేటప్పుడు తప్ప బయటికి తీసేవాళ్ళు కాదు. ఈయన అదే సిలబసు అంటున్నారు. ముక్కూ మొహం తర్వాత, ముందు వాలకం. దూరంగా గట్టు మీద మనిషి వస్తుంటే మొహం కనపడకముందే ఫలానావాడని ఎట్లా పోలుస్తావు? అది పట్టుకో అన్నారు.

ఆయన దగ్గర గడియారం లేదు, ఆకు ఉంది. తడిగుడ్డలోంచి తమలపాకు తీసి, పంచెకి తుడిచి, ఈనె గిల్లి, సున్నం రాసి, వక్క పెట్టి, చుట్టి నోట్లో వేసుకునేవారు. ఆ ఆకు నోట్లోకి పోయేలోపు మనిషిని గీసేయాలి. డాబా మీంచి కింద వీధిలోకి చూపుడువేలు చూపించి "ఆ రిక్షావాడు" అనేవారు, ఆకు తీసేవారు. నా మొదటి ఆకుకి ఒక చెవి వచ్చింది. రిక్షావాడు సందు తిరిగి వెళ్ళిపోయాడు, నా దగ్గర చెవి మిగిలింది. రెండో ఆకుకి ఆ చెవిని తుడిచి సరిచేద్దామని రబ్బరు తీశాను. ఆయన నా చేతిలోంచి రబ్బరు లాక్కుని వీధిలోకి విసిరేశారు.

"మనిషి వెళ్ళిపోయాక ఎవర్ని తుడుస్తావు?" అన్నారు నోటినిండా ఎర్రగా. కోపం వస్తే ఆయన ఆకు తొందరగా చుట్టేవారు, అదొక అన్యాయం.

పోగాపోగా ఒక గీత రావడం మొదలైంది. మెడ దగ్గర మొదలై మడమ దాకా దిగే ఒక్క గీత, ఎటు బరువుంటే అటు వంగే గీత. "బరువు ఏ కాలి మీదుందో చూడు ముందు. రెండు కాళ్ళ మీదా సమానంగా నిలబడేది పోలీసు స్టేషన్లో దొంగ, ఫోటో స్టూడియోలో పెళ్ళికొడుకు, వీళ్ళిద్దరే" అనేవారు. గీత కుదిరాక దాని మీద ఒళ్ళు కట్టాలి. తలకి కోడిగుడ్డు. ఛాతీకి బోర్లించిన గంప. నడుం కింద పెట్టె. మధ్యలో ఏముందండీ అంటే "ఏమీ లేదు, వంగడానికి ఖాళీ" అన్నారు. గంప ఇటు వాలితే పెట్టె అటు వాలాలి. రెండూ ఒకే వైపు చూస్తుంటే అది మనిషి కాదు, బీరువా. కాళ్ళూ చేతులూ బోరింగు పైపులు.

"మరి బట్టలండి?"

"బట్టలు ఆఖర్న. చీరకి నడుం ఉంటుందా? చీర లోపలున్నదానికి ఉంటుంది. ముందు ఒళ్ళు కట్టు, తర్వాత చీర కట్టు."

పెద్ద ఊళ్ళలో బొమ్మలు నేర్పే కాలేజీల్లో మనుషులు బట్టల్లేకుండా నిలబడితే పిల్లలు చుట్టూ కూర్చుని గీస్తారని కూడా ఆయనే చెప్పారు. "గుంటూర్లో అడిగితే తంతారు. అందుకని బట్టల మీంచే గంపెక్కడుందో పెట్టెక్కడుందో నువ్వే పోల్చుకో" అన్నారు. ఆ సాయంత్రం బస్సులో నేను అందరి గంపలూ పెట్టెలూ పోల్చుకుంటూ కూర్చున్నాను. కండక్టరు నా ముందే ఆగి, "ఏందమ్మా, అట్టా కొలతలు తీసుకుంటన్నావు? టిక్కెట్టు ఇచ్చాగా!" అన్నాడు. బస్సంతా నవ్వింది.

సరే, గుంటూరు వీధుల్లో మనుషులు దొరికారు. గోడ మీదకి కావలసింది మాత్రం మా ఊరి కోతలవాళ్ళు. మిరపకాయలు ఆరబోసిన కల్లంలో అమ్మావాళ్ళ ముఠా కూర్చుని తాలు ఏరుతుండేది. తాలంటే ఎండకీ వానకీ తెల్లబోయిన కాయలు, వాటిని ఎర్రకాయల్లోంచి తీసి పారేయాలి. ముఠా పెద్ద ఒక మహాతల్లి. నాకు వరసకి అత్త, ఊరందరికీ పెద్దత్త. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు, ఆకూ వక్కా పొగాకూ మాత్రం పొద్దస్తమానం నానుతుంటాయి. నేను అట్టా పెన్సిలూ పట్టుకుని ఎదురుగా కూర్చుని, తెలివితక్కువగా నిజం చెప్పాను.

"అత్తా, మిమ్మల్నందర్నీ గీస్తాను."

అంతే, కల్లం ఖాళీ. అందరూ బోరింగు దగ్గరికి పరిగెత్తి మొహాలు కడుక్కున్నారు. ఒకామె ఇంటికెళ్ళి పౌడరు డబ్బా తెచ్చింది, అది చేతులు మారింది. తలలు దువ్వుకుని, కొంగులు సర్దుకుని, వరసగా నిలబడ్డారు. చేతులు తొడలకి అతుక్కున్నాయి, రెండు కాళ్ళ మీదా సమానంగా బరువు!

"కూర్చుని పని చేసుకోండి అత్తా. నాకు మీరు పనిచేస్తుంటే కావాలి."

"బాగుంది సంబడం! పని చేసుకుంటా బొమ్మ దిగుతారంటే ఎవరన్నా? చూసినోళ్ళు కూలోళ్ళనుకోరూ?"

"కూలోళ్ళేగా మీరు?"

"అయితే మాత్రం? బొమ్మలో కూడా కూలికెళ్ళాలంటే?"

 

ఎంత చెప్పినా పెన్సిలు కనపడితే చాలు కట్టెల్లా బిగిసిపోయేవాళ్ళు. చివరికి నాకు దొరికిన ఉపాయం పోట్లాట. పోట్లాటలో ఎవరూ పోజు పెట్టరు. నేను అమాయకంగా ఒక మాట వదిలేదాన్ని: "నిన్న కోతలో ఎవరి సాలు వెనకబడిందంట అత్తా?" అనో, "మొన్న బువ్వ గిన్నెలో కూర మాయమైందంటగా?" అనో. ఇక చూస్కోండి! పెద్దత్త చెయ్యి నడుం మీదకి పోయేది, బరువంతా ఎడమకాలి మీద పడేది, గడ్డం యుద్ధానికి బయల్దేరేది. ఇంకొకామె మాట్లాడుతూ మాట్లాడుతూ పక్కనున్న బస్తాని చరిచేది. మరొకామె తగువు తనది కాదన్నట్టు వెనక్కి తిరిగేది గానీ ఆ వీపే సగం జవాబులు చెప్పేది. నేను కాగితం వెనక కాగితం తిప్పి గీసేదాన్ని. మిరప ఘాటుకి కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే "పాపం, మనం పోట్లాడుకుంటుంటే పిల్ల ఏడుస్తంది" అని వాళ్ళే రాజీకొచ్చేవాళ్ళు. ముఠాలో సఖ్యత పూర్తిగా పాడైంది, నా చెయ్యి బాగుపడింది.

అమ్మ మాత్రం దొరకలేదు. అమ్మ పోట్లాడదు. పెన్సిలు ఎత్తానని ఎట్లా తెలిసేదో ఏమో, వీపు తిప్పి ఉన్నా సరే, చటుక్కున లేచి వీలైనంత బిర్రుగా నిలబడి "సరిగ్గా ఉన్నానా?" అనేది. ఇంట్లో అంట్లు తోముతున్నప్పుడు ప్రయత్నించినా అంతే. పోనీలే, పొద్దున లేస్తే చూసే మనిషేగా, అమ్మని చూసి గీయాలా అనుకున్నాను. పప్పులో కాలేశానని నాకప్పుడు తెలియలేదు.

పండగ ఆదివారం. ముందు శుక్రవారం నాన్న హాలు తాళం తీసిచ్చాడు. పత్తికట్టెల్ని డబ్బాలో పెట్టి మూతేసి మాడిస్తే నల్లటి మెత్తటి బొగ్గు వస్తుంది, అది మాస్టారు నేర్పిన విద్యే. ఆ బొగ్గుతో గోడ ఈ చివర నుంచి ఆ చివరకి మనిషంత మనుషుల్ని గీశాను. ముందు గీతలు, వాటి మీద గంపలు, పెట్టెలు, పైపులు. వంగి కాయ కోసేవాళ్ళు, బస్తా ఎత్తేవాళ్ళు, నడుం మీద చెయ్యేసి తగువాడేవాళ్ళు. మొహాల్లేవు, ఉత్త గుడ్లు. శనివారం మధ్యాహ్నానికి ఒళ్ళు కట్టడం పూర్తయింది. ఇక చీరలే. ఆకలేసి, తలుపు దగ్గరగా వేసి, ఇంటికెళ్ళి మజ్జిగన్నం కలుపుకున్నాను.

ఆ సమయంలోనే ముఠావాళ్ళు పండక్కి హాలు కడగడానికి బిందెలూ చీపుర్లూ పట్టుకుని వెళ్ళారు.

పెద్దత్త కేక మా ఇంటిదాకా వినపడింది. నాన్న గంట కొట్టకుండానే ఊరంతా చర్చి దగ్గరికి చేరింది. నేను ఎంగిలి చేత్తోనే పరిగెత్తాను.

"నీ చేతులు విరగ! మమ్మల్నందర్నీ బట్టల్లేకుండా నిలబెట్టావేందే చర్చి గోడకి!"

"బట్టల్లేకుండా కాదత్తా, ఇంకా కట్టలేదు."

"కట్టకపోతే లేనట్టేగా!"

చర్చి సంఘపెద్ద ఒకాయన గోడవైపు చూడకుండా, కిటికీలోంచి బయటికి చూస్తూ తీర్పు చెప్పాడు: "సున్నం కొట్టించండి. రేపు కరస్పాండెంటు గారు చూస్తే సంఘం పరువేం కాను?" నాన్న తాళాలగుత్తి వంక చూసుకుంటూ నిలబడ్డాడు. నాకు కళ్ళముందు జీడిపప్పు కనపడింది, గుండొక పక్క, బద్దొక పక్క. దాంతో నోరు లేచింది.

"అసలు ఇందులో మీరున్నారని ఎవరన్నారు? మొహాలున్నాయా? గుడ్లూ గంపలూ పెట్టెలూ! ఇది ఫలానామె అని ఎట్లా చెబుతారు?"

 వెనకనుంచి ఎవరో మెల్లగా అన్నారు. "మొహం లేకపోతే ఏంది, ఆ నడుం మీద చెయ్యి పెద్దత్తది కాదా?"

"ఆ బస్తాని బాదేది నువ్వేగా మరి!"

"ఆ అటు తిరిగి కూర్చుంది చూడు, ఆ వీపు! దాని మీద ఇంటిపేరు రాసి లేదంతే."

ఇక మొదలైంది. ఎవరిది వాళ్ళకి నచ్చలేదు, పక్కవాళ్ళది మాత్రం అచ్చం అలాగే ఉంది. "నా కిందభాగం అంతుందా?" అని ఒకామె, "అంతకన్నా తగ్గించిందే, పుణ్యాత్మురాలు" అని ఇంకొకామె. తిడుతున్నారు, వేళ్ళు చూపిస్తున్నారు, పొట్ట చేత్తో పట్టుకుని నవ్వుతున్నారు. నాకు మాత్రం ఒళ్ళంతా పొంగిపోయింది. ముక్కు లేదు, మొహం లేదు, గడి లేదు, అయినా ఊరు ఊరంతా గుర్తుపట్టింది! పెద్దత్త తన బొమ్మ ముందు నిలబడి దాన్ని ఎగాదిగా చూసింది. ఆవిడకి తెలియకుండానే చెయ్యి నడుం మీదకి పోయింది, బరువు ఎడమకాలి మీద పడింది.

"ఏమాటకామాట. నేనే," అంది. ఆ వెంటనే సంఘపెద్ద వైపు తిరిగింది. "సున్నం లేదు గిన్నం లేదు. దీంతోనే చీరలు కట్టిస్తాం. ఏమే, రేపు మీ నాన్న గంట కొట్టేలోపు ఈ గోడ మీద ఒక్కత్తె కూడా బట్టల్లేకుండా ఉండగూడదు. ఉంటే ఆడ నిన్ను నిలబెడతా."

చావు తప్పి కన్ను లొట్టపోయినట్టయిందని నేను ఊపిరి పీల్చుకుంటుంటే, అమ్మ బిందె కింద పెట్టి గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచింది. మళ్ళీ వెనక్కి నడిచింది.

"నేనేదే?" అంది.

మధ్యలో చూపించాను. నేను అందరికన్నా శ్రద్ధగా గీసింది అదే. తల మీద గంప, తీర్చిన నడుం, తాటిచెట్టులా నిటారుగా ఉన్న మనిషి.

"ఇదా?" అంది పెద్దత్త. "నేనింకా టీకాలెయ్యటానికి వచ్చిన నర్సమ్మ అనుకుంటన్నా!"

హాలంతా పగలబడి నవ్వింది. అమ్మా నవ్వింది. కానీ నవ్వుతూనే రెండడుగులు వెనక్కేసి బిందె అందుకుంది, తనది కాని పంక్తిలో కూర్చుని లేచిన మనిషిలాగా. ఊళ్ళో అందర్నీ పట్టుకుని కన్నతల్లిని వదిలేశానని నాకప్పుడు తెలిసింది. కోపం నషాళానికెక్కింది. తడిగుడ్డ తీసుకుని ఆ నర్సమ్మని గోడ మీంచి తుడిచేశాను.

"అమ్మా, నువ్వు హాలు కడుగు. నన్ను చూడకు."

అమ్మ బిగిసిపోయింది. "సరిగ్గా ఉన్నానా?" అంది. పెద్దత్త విసుక్కుని, "ఇది తెమిలే యవ్వారం కాదు" అంటూ గుమ్మంలో చతికిలబడి, బొడ్లోంచి సంచి తీసి ఆకు చేతిలోకి తీసుకుంది. సరిగ్గా అప్పుడే అమ్మ కంటికి నేను రాల్చిన బొగ్గుపొడి కనపడింది. కడగాల్సిన నేల మీద బొగ్గు! ఇక ఆగలేకపోయింది. నన్నూ మర్చిపోయింది, బొమ్మనీ మర్చిపోయింది. గుడ్డ తడిపి, వంగి తుడవడం మొదలుపెట్టింది.

నేను గోడవైపు తిరిగాను. మెడ నుంచి మడమకి ఒక్క గీత. అది నేననుకున్న చోటుకి పోలేదు, సగంలోనే కిందికి తిరిగిపోయింది. గంప ముందుకి జారి పెట్టె మీదకి వచ్చేసింది, మధ్యలో వంగడానికి ఉండాల్సిన ఖాళీ ఎప్పుడో అయిపోయింది. కుడి భుజం కిందికి. ఎడమ చెయ్యి మోకాలి మీద, లేచేటప్పుడు సాయానికి. బొగ్గు కింద పెట్టి చూస్తే పెద్దత్త ఆకుకింకా సున్నం రాస్తోంది. తర్వాత మాస్టారికి చెబితే, నమ్మనట్టు చూసి, "సున్నమేనా? వక్క కాదుగా?" అని రెట్టించి అడిగారు.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఇది ఫలానామె అని కూడా అనలేదు. అమ్మ గుడ్డ పిండుకుని, ఎడమచెయ్యి మోకాలి మీద ఆనించి లేచి, గోడ దగ్గరికి వచ్చింది.

"ఇది నేనా?"

 మా ఇంట్లో ఉన్న అద్దం అరచేయంత. అందులో తల దువ్వుకునేంత మొహమే కనపడుతుంది. మిగతా మనిషిని అమ్మ ఎన్నడూ చూసుకోలేదు. మేం రోజూ చూస్తూనే ఉన్నాం గానీ, రోజూ చూసేదాని గురించి ఎవరికి చెప్పాలనిపిస్తుంది? అమ్మ నాన్న వైపు తిరిగింది.

"ఏవయ్యా, నేనింత వంగిపోయానా?"

నాన్న గుత్తిలో తాళాలు అటూ ఇటూ తోశాడు. "ఇప్పుడు కాదులే. శానా ఏళ్ళయింది," అన్నాడు.

అమ్మ నడుం మీద చేతులేసుకుని మెల్లగా నిటారుగా అవ్వబోయింది. కొంతదాకా వచ్చింది, అక్కడ ఆగిపోయింది. నేను తడిగుడ్డ అందుకున్నాను. "తుడిచేస్తానమ్మా," అన్నాను.

"వాళ్ళ చీరలు చూడు ముందు," అని బిందె తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.

చీకటిపడేదాకా రంగులు కలిపి చీరలు కట్టాను. జన్మలో ఏ బట్టలకొట్టువాడూ అన్ని మాటలు పడి ఉండడు. "నాకు పోయిన క్రిస్మస్ చీర", "నాకు నిమ్మపండు రంగు", "దానికేసిన రంగు నాకొద్దు" అని తలా ఒక మాట. పెద్దత్త జరీ అంచు అడిగింది. మిరపకోతకి జరీ ఏంటత్తా అంటే, "చెప్పాగా, బొమ్మలో కూడా కూలికెళ్ళనని!" అంది. వేశాను. అమ్మ ఏమీ అడగలేదు, రాలేదు. ఆఖర్న ఆ వంగిన మనిషికి అమ్మ రోజూ కట్టే వెలిసిపోయిన నీలం చీర కట్టాను.

ఆదివారం ఆరాధన అయింది, కానుకగా వచ్చిన గుమ్మడికాయలూ కోళ్ళూ వేలంపాట అయ్యాయి, కరస్పాండెంటు గారు హాల్లోకి వచ్చారు. వెనకాల సంఘపెద్దలు, వాళ్ళ వెనక నాన్న. ముఠా అంతా కిటికీల దగ్గర. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని గోడ పొడుగునా నడిచారు. పెద్దత్త దగ్గర నవ్వారు. "ఈవిడతో పెట్టుకోకూడదు సుమా" అన్నారు. కిటికీ దగ్గర పెద్దత్త గర్వంగా గడ్డం ఎత్తింది. నడుస్తూ నడుస్తూ అమ్మ బొమ్మ దగ్గర ఆగిపోయారు.

"బాగుందమ్మాయ్. అందరిలో ప్రాణముంది. ఈవిణ్ణొక్కదాన్నీ కొంచెం నిటారుగా చెయ్యకూడదూ? పండగ బొమ్మ కదా, చూసేవాళ్ళకి మనసు కలుక్కుమంటుంది. అదొక్కటి సరిచేశావంటే జూన్‌లో మన బళ్ళో చేరిపోవచ్చు."

నాన్న కళ్ళు నన్ను బతిమాలుతున్నాయి, సరేనండీ అనవే అని. ఒక్క ఆకు చుట్టేంత పని. నేను నోరు తెరిచాను. ఏమని ఉండేదాన్నో ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పలేను.

"ఆవిడ నేనేనండి, అయ్యగారూ."

అమ్మ టీగ్లాసుల పళ్ళెం పట్టుకుని ఆయన వెనకే ఉంది. ఆయన తిరిగి, మొహం కోసం వెతికి, తల దించి చూడాల్సివచ్చింది.

"నిన్నటిదాకా నేనూ నిటారుగానే ఉన్నాననుకున్నానండి. ఇదే చెప్పింది," అంది అమ్మ. "టీ తీసుకోండయ్యా, చల్లారిపోయిద్ది."

ఆయన గోడ వైపు చూశారు, అమ్మ వైపు చూశారు. గ్లాసు రెండు చేతులతో తీసుకున్నారు గానీ తాగలేదు. నావైపు తిరక్కుండానే, "అట్లాగే ఉంచమ్మా. బడి తెరిచేరోజు పొద్దున్నే వచ్చెయ్యి," అన్నారు.

అందరూ భోజనాలకి వెళ్ళాక అమ్మ ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ గోడ ముందు ఆగింది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఏదన్నా అంటుందేమోనని, ఏమీ అనదేమోనని, రెండు భయాలూ ఉన్నాయి.

"ఏందే ఆ చీర?" అంది అమ్మ. "దానికేమో జరీ, నాకేమో ఈ వెలిసిపోయిన గుడ్డా? ఎట్టాగూ వంగాను, మంచి చీర కట్టుకుని వంగితే మీ సొమ్మేం పోయిద్ది?"

నేను వెళ్ళి ముదురాకుపచ్చ కలుపుకొచ్చాను.